చీటీ నంబరు

క్రూ జంక్షన్‌లో ఆఖరి ప్లాట్‌ఫారం చివర
పోగొట్టుకున్న వస్తువుల గది నాది.
నవంబరులో ఒక చేతి తొడుగు వచ్చింది,
ఎడమచేతిది, ఆవపువ్వు రంగు ఉన్ని.
దానికి కట్టిన చీటీ మీద ఏడంకెలు:
ఐదు ఎనిమిది ఎనిమిది రెండు మూడు ఐదు మూడు.

కంప్యూటరు ఐదు తర్వాత కామా పెట్టింది,
నా చెయ్యి యాభై ఎనిమిది తర్వాత.
యాభై ఎనిమిది లక్షల ఎనభై రెండు వేల
మూడువందల యాభై మూడు.
పదహారేళ్ళుగా ఇంగ్లీషులో కోప్పడుతున్నాను,
కలలు కూడా సగం ఇంగ్లీషులోనే,
కూడికలు మాత్రం తెలుగు దాటి రాలేదు.

ఎనిడ్ హిండ్లీ ఒకప్పుడు ఇక్కడే టికెట్లు అమ్మేది.
రిటైరయ్యాక కూడా రోజూ వస్తుంది,
రేడియేటరు పక్క కుర్చీ, చక్కెర లేని టీ.
చీటీని వెలుతురుకి పట్టి చూసి
"ఇదెవరికీ లొంగేలా లేదే" అంది.
ఫోనుని అడిగితే చిటికెలో తేలుతుందన్నాను.
"తేలిపోతే రేపు నేనేం చెయ్యను?"

అప్పట్నుంచి రోజుకొక ప్రధాన సంఖ్య,
పాత టైంటేబుళ్ళ వెనకవైపు భాగహారం.
రెండూ మూడూ చెరొకటి మిగిల్చి తప్పుకున్నాయి.
ఐదు, మూడు మిగిల్చింది.
ఏడు మీద ఆశ పెట్టుకున్నాం,
అదీ చివరిదాకా వచ్చి ఒకటి మిగిల్చింది,
పంక్తిలో ఒక్కడికి విస్తరి చాలనట్టు.
పదిహేడో ఎక్కం నేను అప్పజెప్పాను,
మాస్టారు గోడకుర్చీ వేయించి నేర్పిన రాగంలో,
పదిహేడేళ్ళు నూటపందొమ్మిది,
పదిహేడెనిమిదులు నూటముప్పై ఆరు.
ఎనిడ్ పెన్సిలుతో తాళం వేసింది.
శేషం పదమూడు.

ఎక్కడ ఆగాలో ఆవిడకి ముందే తెలుసు.
రెండువేల నాలుగువందల పాతిక దాటాక
ఎంత పెద్దవాడు వచ్చి తలుపు తట్టినా
వాడి జతగాడు చిన్నవాళ్ళలోనే ఉండాలి,
చిన్నవాళ్ళందర్నీ అడిగేసి ఉంటాం అప్పటికే.
అంటే మొత్తం మూడువందల అరవై మంది.

మూడు నెలలు దాటిన సరుకు లారీ ఎక్కించాలని రూలు.
తొడుగుని నా సొరుగులో మర్చిపోయాను,
అలాగే రాశాను రిజిస్టర్లో.
నా సెలవు రోజుల్లో ఆవిడ
ఆ రోజు కాగితం తలుపు కింద నుంచి తోసి పోయేది.
క్రిస్మస్ ఒకటి, సమ్మె రెండు,
కంటి ఆపరేషన్‌కి రెండు:
ఏడాదిలో ఆ ఐదు రోజులే లెక్కకి రాలేదు.

చివరి వాడు రెండువేల నాలుగువందల ఇరవై మూడు.
వెయ్యిన్నీ ఏడువందల ముప్పై రెండు మిగిల్చాడు.
ఎనిడ్ పెన్సిలు కింద పెట్టింది.
"ఎవరి సొత్తూ కాదు" అంది.
ప్లాట్‌ఫారం మీద గ్లాస్గో బండి ఆలస్యమని చెబుతున్నారు.

ఫైలు మూసేద్దామని చీటీ లాగితే
చిల్లుల వరస దగ్గర చిరిగింది.
మూడంకెలు నా చేతిలో,
నాలుగంకెలు తొడుగు దగ్గర.
ఐదువందల ఎనభై ఎనిమిది.
రెండువేల మూడువందల యాభై మూడు.
వాళ్ళ కామా దగ్గరా కాదు, నా కామా దగ్గరా కాదు.
చేతులూరుకోక రెంటినీ వర్గం చేశాను.
మూడు లక్షల నలభై ఐదు వేల ఏడువందల నలభై నాలుగు,
యాభై ఐదు లక్షల ముప్పై ఆరు వేల ఆరువందల తొమ్మిది.
ఒకదాని కింద ఒకటి రాసి, గీత గీసి కలిపాను.

చిరగని చీటీ వచ్చింది.

ఎనిడ్ ఆ కూడిక రెండుసార్లు సరిచూసింది,
మూడోసారి కుడి నుంచి ఎడమకి కాక ఎడమ నుంచి చూసింది.
ఏమీ అనలేదు.
తొడుగు తీసి ఎడమచేతికి తొడుక్కుంది.
పట్టలేదు, బొటనవేలి దగ్గర బిగిసింది.

"ఆ రోజు దీని తర్వాత ఏం వచ్చింది?"
గొడుగు, అన్నాను. చివరంకె నాలుగు.
ఆవిడ పెన్సిలు ఎత్తి, మళ్ళీ దించేసింది.
"పాపం, సరిసంఖ్య.
నువ్వు టీ పెట్టు."